అర్థమైందా అని అడిగితే చాలదు

గుంటూరుకు కొత్తగా వచ్చినవారికి బ్రాడీపేటలో ఇల్లు వెతుక్కోవడం ఒక చిన్న పరీక్ష. "4/14 బ్రాడీపేట, వచ్చేయండి" అని చెప్పి అవతలివారు ఫోను పెట్టేస్తారు. ఊరివారికి ఆ చిరునామాలో లోటేమీ కనిపించదు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు, అంతే. వచ్చినవారు మాత్రం దాన్ని డోరు నంబరనుకుని గేట్ల మీద అంకెలు చదువుకుంటూ ఎండలో తిరుగుతారు. చెప్పినవారు అబద్ధం చెప్పలేదు, ఏదీ దాచుకోలేదు. ఆ రెండు అంకెల మధ్య గీతకు అర్థం తాము ఎప్పుడు నేర్చుకున్నారో వారికే గుర్తులేదు. అందుకే అది మరొకరికి తెలియకపోవచ్చన్న ఆలోచన వారికి రాలేదు.

ఉద్యోగంలో గానీ సంసారంలో గానీ మాట ఎందుకు చెడిందని వెతికితే కోపం, అహంకారం, కుట్ర వంటి పెద్ద పేర్లే ముందుకొస్తాయి. అవీ ఉంటాయి. కానీ రోజువారీ నష్టంలో పెద్ద భాగం ఈ చిరునామా వంటిదే. చెప్పినవారి లెక్కలో మాట పూర్తయింది. విన్నవారికి సగమే చేరింది. మిగతా సగం ఏమిటని అడగడానికి వారికి మొహమాటం అడ్డొచ్చింది. చక్కగా మాట్లాడటం నేర్పే తరగతుల్లో ఉచ్చారణ, ధైర్యం, పదసంపద, నిలబడే తీరు అన్నీ నేర్పుతారు. ఎదుటి మనిషి ఒక సందేహం అడగాలంటే అతనికి ఎంత ఖర్చవుతుందన్న లెక్క మాత్రం వేయరు. ఆ లెక్క వేయనంతకాలం ఎంత చక్కని మాటైనా దారిలోనే ఆగిపోతుంది.

తెలుగులో ఆ ఖర్చు చిన్నది కాదు. అడగడం అన్న క్రియనే తీసుకోండి. సందేహం తీర్చుకోవడమూ అడగడమే, నిలదీయడమూ అడగడమే. "నన్నే అడుగుతావా?" అన్నప్పుడు కోపమంతా ప్రశ్న వేసినందుకే. వినడం సంగతీ అంతే. "మా వాడు మాట వినడు" అని తల్లి వాపోతే పిల్లవాడు చెప్పినట్టు చేయడం లేదనే అర్థం. అంటే వాడుకలో వినడం లోబడటంగా మారింది. లోబడవలసింది చిన్నవాడు గనుక వినడం కూడా చిన్నవాడి వంతుకే వచ్చింది. "ఆయన నా మాట విన్నారు" అని ఒక గుమాస్తా చెబితే, పై అధికారి ఒప్పుకున్నారని అనుకుంటామే తప్ప శ్రద్ధగా చెవి పెట్టారని అనుకోం. ఇక "ఎదురు చెప్పడం" అన్న మాటలో నేరం ముందే రుజువై ఉంటుంది. చెప్పిన విషయం నిజమా కాదా అన్న విచారణకు అందులో చోటు లేదు. ఇలాంటి భాషలో పెరిగినవాడు ఉద్యోగంలో చేరి, పై అధికారి చెప్పిన పని సగమే అర్థమైనప్పుడు ఏం చేస్తాడు? తలూపుతాడు. బయటికొచ్చి పక్క బల్ల దగ్గరున్న స్నేహితుణ్ణి అడుగుతాడు. ఆ స్నేహితుడికీ తెలియకపోతే ఇద్దరూ కలిసి ఊహించి పని మొదలుపెడతారు.

ఈ ఖర్చును దాదాపు పూర్తిగా తీసేసిన వ్యవస్థ ఒకటి విజయవాడలో రాత్రింబవళ్లు పనిచేస్తూ ఉంటుంది. చెన్నై నుంచి ఢిల్లీ వైపు, హౌరా వైపు వెళ్లే ప్రధాన రైలు మార్గాలు విడిపోయే జంక్షన్ అది. మాట తప్పుగా చేరితే ప్రాణాలు పోయే పని గనుక రైల్వేవారు మాటను ఉత్త మాటగా వదల్లేదు. స్టేషన్ మాస్టరు ఫోను చేసి గేటు మూయమన్నప్పుడు, గేటు దగ్గరి ఉద్యోగి "మూశాను" అంటే సరిపోదు. తనకు ముందే అచ్చువేసి ఇచ్చిన జాబితాలోంచి ఒక అంకె చెప్పాలి. దాన్ని ప్రైవేట్ నంబరు అంటారు. చెప్పిన అంకెను జాబితాలో కొట్టేస్తారు, అవతల స్టేషన్ మాస్టరు దాన్ని రాసుకుంటాడు. అంకె తోడైతేనే ఆ మాట ఖాయమైనట్టు. ఇంజనులోనూ ఇలాంటి పద్ధతే ఉంది. సిగ్నల్ కనిపించగానే లోకో పైలట్, సహాయ లోకో పైలట్ ఇద్దరూ దాని రంగును ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. ఇద్దరికీ కళ్లున్నాయి, ఇద్దరూ చూస్తూనే ఉన్నారు. అయినా పైకి అనాలి. ఇరవై ఏళ్ల అనుభవమున్న పైలట్ కూడా నిన్నగాక మొన్న చేరిన కుర్రవాడి నోట ఆ మాట వినాలి.

ఈ పద్ధతిలో అసలు గొప్పతనం క్రమశిక్షణ కాదు. తిరిగి చెప్పమన్నందుకు అక్కడ ఎవరూ నొచ్చుకోరు, ఎందుకంటే అది అందరూ చేసే పని. ఒక మనిషిని అనుమానించి పెట్టిన నియమం కాదు గనుక అందులో అవమానం లేదు. అడగడానికయ్యే ఖర్చును ఏ ఒక్కరి నెత్తినా పెట్టకుండా పనిలోనే కలిపేశారు. మామూలు ఆఫీసుల్లో ఈ ఏర్పాటు ఉండదు. అక్కడ తిరిగి అడిగేది ఎప్పుడూ ఒక్కడే, మిగతావారంతా వాడి వైపు చూస్తారు.

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల మధ్య వరసగా మందుల దుకాణాలుంటాయి. సాయంత్రం పూట అలాంటి ఒక కౌంటరు దగ్గరి దృశ్యాన్ని ఊహించుకోవచ్చు. అరవై దాటిన ఒకావిడ చక్కెర జబ్బుకు మాత్రలు తీసుకుంటోంది. కుర్రవాడు అట్ట మీద 1-0-1 అని రాసి, "అమ్మా, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అన్నానికి ముందు. అర్థమైందా?" అన్నాడు. వెనక నలుగురు చీటీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ తలూపింది. అంతమంది ముందు తలూపక ఏం చేస్తుంది? పక్కనే లెక్క చూసుకుంటున్న పెద్ద వయసు ఉద్యోగి తలెత్తి, "అమ్మా, రేపు వీటిని ఎలా వేసుకుంటారో నాకొకసారి చెప్పండి. మా వాడు సరిగ్గా చెప్పాడో లేదో చూసుకుంటాను" అన్నాడు. ఆవిడ చెప్పింది. "పొద్దున టిఫినే కదా నాయనా, అన్నం తినేది మధ్యాహ్నం. అప్పుడొకటి వేసుకుంటా. రాత్రికొకటి. శనివారం రాత్రి అన్నం తినను, రెండు ఇడ్లీలే. ఆ పూటకు మాత్ర అక్కర్లేదు."

కుర్రవాడు అన్నమన్నది ఏదైనా తినడాన్ని ఉద్దేశించి. ఆవిడకు అన్నమంటే అన్నమే. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే భాష. అయినా నెలకు ఎన్ని మాత్రలు తప్పిపోయేవో! "అర్థమైందా?" అన్న ప్రశ్న ఆ పొరపాటును ఎప్పటికీ బయటపెట్టదు. ఆవిడకు నిజంగానే అర్థమైంది, కాకపోతే వేరేగా అర్థమైంది. తనకు తప్పుగా అర్థమైందని ఎవరికీ లోపలి నుంచి తెలియదు. అందుకే వైద్యం, నర్సింగు నేర్చుకునేవారికి ఈ తిరిగి చెప్పించే పద్ధతిని ప్రత్యేకంగా నేర్పుతారు.

ఆ పెద్దాయన వాడిన వాక్యాన్ని మరోసారి చూడాలి. "ఏం అర్థమైందో చెప్పు" అని ఉంటే అది బడిపంతులు గొంతు అయ్యేది, పరీక్ష ఆవిడకు పడేది. "మా వాడు సరిగ్గా చెప్పాడో లేదో" అనడంతో పరీక్ష చెప్పినవాడి మీదికి మళ్లింది. ఆవిడ తప్పు చెప్పినా చిన్నబోవలసిన పని లేదు. పని చెప్పే ప్రతి అధికారీ, పాఠం చెప్పే ప్రతి ఉపాధ్యాయుడూ, కొత్త కోడలికి వంటింటి పద్ధతులు చెప్పే అత్తగారూ ఈ ఒక్క మలుపు నేర్చుకుంటే ఎన్నో మనస్తాపాలు తగ్గుతాయి. చిన్నవారికి అడగడం కష్టమని తెలిసినప్పుడు, ఆ కష్టం తీసేయవలసిన బాధ్యత పెద్దవారిదే. అది వారికి పెద్ద ఖర్చు కూడా కాదు.

ఇక జవాబుల సంగతి. తెలుగువారి జవాబుల్లో "సరే" అన్నంత బరువు మోసే మాట మరొకటి లేదు. విన్నాను అన్నా సరే, ఒప్పుకున్నాను అన్నా సరే, చేస్తాను అన్నా సరే, ఇక ఈ సంగతి వదిలెయ్ అన్నా సరే. గొంతు విన్నవారు తేడా పట్టుకుంటారు. అదే మాట వాట్సాప్‌లో అక్షరాలుగా వస్తే గొంతు ఉండదు గనుక, చదివినవారు తమ మనసులో ఉన్న గొంతుతో చదువుకుంటారు. "చూద్దాం" ఇంకా సున్నితమైనది. చాలా సందర్భాల్లో దానికి అర్థం కుదరదని. "అయిపోయినట్టే" అంటే అవ్వలేదని.

ఈ మాటలను తప్పుపట్టడం సులువు, న్యాయం మాత్రం కాదు. ఇవి దయ నుంచి పుట్టినవి. పెళ్లిచూపులకు వచ్చినవారు "ఇంటికి వెళ్లి కబురు చేస్తాం" అంటే రెండు వైపులా అర్థం చేసుకుంటారు, ఏ ఆడపిల్లా నలుగురి ముందు కాదనిపించుకోవలసిన అవసరం రాదు. అప్పు అడిగిన బంధువుతో "చూద్దాం బాబాయ్" అంటే ఆయన పరువు ఆయనకు మిగులుతుంది. ఇద్దరికీ ఆ సంకేతం తెలిసినంతవరకు అందులో మోసం లేదు. ఆఫీసులో పరిస్థితి వేరు. అక్కడ ఆ మాట విని మరొకరు తన పని ఆపుకుని కూర్చుంటారు. సెలవు అడిగిన ఉద్యోగికి "చూద్దాం" అని జవాబొస్తే అతను రైలు టికెట్ కొనాలా వద్దా? మెత్తదనాన్ని వదలక్కర్లేదు, దానికి ఒక తేదీ తగిలిస్తే చాలు. "శుక్రవారం సాయంత్రంలోగా చెబుతాను. కుదరకపోయినా చెబుతాను." ఈ రెండో వాక్యం విన్నవాడికి ఎంత ఊరటో, ఎదురుచూసిన వారిని అడగాలి.

అంచనాకూ హామీకీ మధ్య గీత చెరిగిపోవడం మరో పెద్ద చిక్కు. దీన్ని గుంటూరు మిర్చి యార్డులో చూడవచ్చు. సీజను నడిచే నెలల్లో అక్కడ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొండల్లా పేరుకుంటాయి. సరుకు గురించి మాట్లాడే భాష చాలా కచ్చితంగా ఉంటుంది. రకం పేరు చెబితే తేజ అంటే తేజ, బాడిగ అంటే బాడిగ, 334 అంటే 334. రంగు పోయి తెల్లబారిన కాయ తాలు. చేతిలో పట్టుకుని చూపించగలిగినవి గనుక వాటి మీద వాదన వచ్చినా అక్కడికక్కడే తేలుతుంది. కాటా అయ్యాక తూకం, ధర, మినహాయింపులు రాసిన తక్‌పట్టీ అనే చీటీ రైతు చేతికి వస్తుంది. చిక్కంతా రేపటి గురించి మాట్లాడినప్పుడు. ధర పడిపోయిన రోజున రైతు కమీషన్ వ్యాపారిని "ఏం చేయమంటారు?" అని అడుగుతాడు. "ఏసీలో పెట్టు, రేటు వస్తుంది" అని ఆయనంటాడు. అక్కడ శీతల గిడ్డంగిని అందరూ ఏసీ అనే అంటారు.

వ్యాపారి చెప్పింది అంచనా. రైతు విన్నది మాట. తెలుగులో మాట అంటే పలుకు ఒక్కటే కాదు. మాట ఇస్తారు, నిలబెట్టుకుంటారు, తప్పుతారు. పెట్టుబడికి డబ్బు సర్ది, ఏళ్ల తరబడి సరుకు అమ్మిపెట్టిన మనిషి నోటి నుంచి వచ్చిన పలుకు రైతు చెవిలో హామీ అయిపోతుంది. రెండు నెలల తర్వాత గిడ్డంగి అద్దె, వడ్డీ తోడై ధర మాత్రం అక్కడే ఉంటే, పోయేది డబ్బొక్కటే కాదు, ఇరవై ఏళ్ల స్నేహం కూడా. "నాకు తెలిసి పెరగొచ్చు. పెరగకపోతే అద్దె, వడ్డీ నీ మీదే పడతాయి. సగం అమ్మి సగం పెట్టుకుంటే ఎలా ఉంటుందో ఇంట్లో ఆలోచించుకో" అని ఉంటే నష్టం వచ్చినా నింద రాదు. ఇందులో వ్యాపారి అదనంగా ఖర్చుపెట్టింది రెండు వాక్యాలు. తనకు తెలిసినదేదో, తను ఊహిస్తున్నదేదో విడదీసి చెప్పడం నిజాయితీలో భాగం. తెలిసినట్టు మాట్లాడితేనే గౌరవం దక్కుతుందన్న భయంతో చాలామంది పెద్దలు ఆ పని చేయరు.

చెప్పేవారి కొలత, వినేవారి కొలత వేరైనప్పుడు ఏమవుతుందో చూడటానికి కృష్ణ ఒడ్డుకు వెళ్లాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, సుమారు 28 లీటర్లు. ఇంజనీరుకు ఈ లెక్క ప్రాణం. కృష్ణలంకలో ఉండే ఇల్లాలికి కావలసిన కొలత వేరు. నీళ్లు మా వీధిలోకి వస్తాయా? వస్తే ఎన్నో మెట్టు దాకా? ఎన్ని గంటలకు? "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అన్న వాక్యాన్ని ప్రతి వానాకాలం వింటాం. అప్రమత్తంగా ఉండటమంటే చేతులతో ఏం చేయాలి? "చీకటి పడకముందే బియ్యం, మంచినీళ్లు, మందులు, పిల్లల సర్టిఫికెట్లు పైఅంతస్తుకు చేర్చండి" అంటే చేతులకు పని దొరుకుతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అదే రోజుల్లో సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం వైపు ఇళ్లను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. కృష్ణలో ఎంత నీరుందో చెప్పే అంకె ఆ వీధుల వారికి తమ గుమ్మం గురించి ఏమీ చెప్పదు. అంకె ఎంత నిజమైనా వినేవారి గుమ్మం దాకా రాకపోతే అది వారికి చెప్పినట్టు కాదు. చిన్న వ్యవహారాల్లోనూ ఇదే జరుగుతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో టోకు దుకాణం నడిపే వ్యాపారికి లెక్కలు చూసేవారు "ఇన్‌పుట్ క్రెడిట్ సరిపోలేదు" అంటే ఆయన తల పట్టుకుంటాడు. "ఈ సరఫరాదారు తన బిల్లు చూపించలేదు. ఆయనకు ఇవాళే ఫోను చేయండి. లేకపోతే ఈ పన్ను మీ జేబులోంచి పోతుంది" అంటే వెంటనే ఫోను తీస్తాడు.

అడిగే అవకాశమే లేని శ్రోతకు చెప్పడం అన్నిటికన్నా కష్టం. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. రేడియో ముందు కూర్చున్నవారు "మళ్లీ చెప్పండి" అనలేరు. అందుకే రేడియోకు రాయడం తెలిసినవారు పొట్టి వాక్యం రాస్తారు, పేరును మళ్లీ చెబుతారు, "ఆయన" అంటే ఎవరన్న సందేహం రానివ్వరు. ఆ కేంద్రం నుంచి రామాయణ భారతాలు వినిపించిన ఉషశ్రీ "ధర్మసందేహాలు" కార్యక్రమంలో శ్రోతల ప్రశ్నలకు జవాబులిచ్చేవారు. తిరిగి అడగలేని శ్రోతకు అడిగే దారి ఒకటి అక్కడ తెరుచుకుంది. ఆ గొంతును ఇప్పటికీ తలచుకునేవారున్నారంటే ఆ దారికీ అందులో వాటా ఉంది.

తెలుగు వ్యాకరణం కూడా ఈ విషయంలో కొన్ని మంచి పనిముట్లు ఇచ్చింది. వాటిని రోజూ వాడుతూనే గమనించకుండా వదిలేస్తాం. మనం, మేము అన్న తేడా హిందీలో లేదు, ఇంగ్లీషులో లేదు. "ఈ నెల మనం వెనకబడ్డాం" అన్న అధికారి తనను లెక్కలో కలుపుకున్నాడు. "మేము చెప్పాం, మీరు చేయలేదు" అన్నవాడు గది మధ్యలో గోడ కట్టాడు. కలుపుకునే మాటను దుర్వినియోగం చేయడమూ ఉంది. "మనం ఈ రాత్రికి పూర్తిచేయాలి" అన్న మనిషి ఆరింటికే ఇంటికి వెళ్లిపోతే, మర్నాటి నుంచి ఆ "మనం" ఎవరి చెవికీ ఎక్కదు.

క్రియల్లోనూ ఇలాంటి జంటలున్నాయి. ఫైలు పోయింది, ఫైలు పోగొట్టాను. గ్లాసు పగిలింది, గ్లాసు పగలగొట్టాను. మొదటి రూపంలో చేసిన మనిషి కనిపించడు. ఇది మంచికీ పనికొస్తుంది, చెడుకూ పనికొస్తుంది. పిల్లవాడు గ్లాసు జారవిడిస్తే "పగిలిందా, పోనీలే, అక్కడ నడవకు" అనడం మంచితనం. సొంత తప్పు చెప్పవలసి వచ్చినప్పుడు "ఆలస్యమైంది" దగ్గర ఆగిపోవడం వేరు. "ఆలస్యం చేశాను" అనగలిగినవాడిని మరో ప్రశ్న వేయకుండా నమ్ముతారు.

వీటన్నిటికన్నా విలువైనది చివర తగిలే చిన్న "అట". "అతను మానేస్తాడట" అన్నప్పుడు చెప్పేవాడు తను చూడలేదని, ఎవరో అనగా విన్నానని ఒప్పుకుంటున్నాడు. ఎన్నో భాషల్లో ఇందుకు ఒక వాక్యం కావాలి, తెలుగులో రెండక్షరాలు చాలు. మధ్యాహ్నం టీ దగ్గర "మానేస్తాడట" అన్నది సాయంత్రానికి "మానేస్తున్నాడు" అవుతుంది. మర్నాడు "మానేశాడు, ఇంకెక్కడో చేరాడు కూడా" అవుతుంది. ఒక మనిషి ఉద్యోగం, ఒక ఆడపిల్ల పేరు, ఒక దుకాణం పరపతి ఆ రెండక్షరాలు రాలిపోవడం వల్ల దెబ్బతింటాయి. విన్నదాన్ని మరొకరికి చెప్పేటప్పుడు "అట"ను రాలనివ్వకపోవడం చిన్న పని. దానివల్ల ఎన్ని కుటుంబాలు నిలబడతాయో చెప్పలేం.

కష్టమైన వార్త చెప్పడంలో వరసకు చాలా విలువ ఉంది. విజయవాడ, గుంటూరుల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు ఎన్నో. ఇక్కడ మధ్యాహ్నం 12 గంటలైతే వేసవిలో న్యూజెర్సీలో అర్ధరాత్రి దాటి 2.30. ఆ వేళ ఇంటి నుంచి ఫోను మోగితే ఎత్తేలోపే కొడుకు గుండె జారిపోతుంది. అప్పుడు "ఏం లేదురా, కంగారు పడకు" అని మొదలుపెట్టడం మన అలవాటు. ప్రేమతో అన్నదే, కానీ ఆ మాట విన్న క్షణం నుంచి అసలు సంగతి తెలిసేదాకా అతను ఎన్ని ఊహిస్తాడు! "నాన్న బాగానే ఉన్నారు, మాట్లాడుతున్నారు. పొద్దున జారిపడ్డారు, తుంటి దగ్గర దెబ్బ తగిలింది. ఎక్స్‌రే తీశారు. నువ్వు ఇప్పుడే బయల్దేరనక్కర్లేదు. సాయంత్రం డాక్టరుగారు చూశాక మళ్లీ చేస్తాను." మనిషి ఎలా ఉన్నాడన్నది ముందు, ఏం జరిగిందన్నది తర్వాత, ఇప్పుడు ఏం చేయాలన్నది ఆ తర్వాత. చివరగా మళ్లీ ఎప్పుడు మాట్లాడతామన్నది. పనిలో ఏదైనా చెడినప్పుడు పై వారికి చెప్పవలసిన వరస కూడా ఇదే. ఉపోద్ఘాతం పెరిగినకొద్దీ వినేవారి భయం పెరుగుతుంది, భయపడిన మనిషి తర్వాత చెప్పింది సరిగా వినలేడు.

పై వారికి చేదు నిజం చెప్పడం గురించి రామాయణంలో మారీచుడు రావణుడితో ఒక మాట అంటాడు. ఇంపుగా మాట్లాడేవారు ఎప్పుడూ సులభంగా దొరుకుతారు, చేదైనా మేలు చేసే మాట చెప్పేవాడూ అరుదే, దాన్ని వినేవాడూ అరుదే అని. ఈ మాటను సాధారణంగా చెప్పేవాడి ధైర్యం గురించి వాడతారు. రెండో సగమే బరువైనది. మారీచుడు చెప్పాడు, స్పష్టంగా, కారణాలతో సహా చెప్పాడు. రావణుడు వినలేదు సరికదా, చెప్పినట్టు చేయకపోతే చంపుతానన్నాడు. చివరికి వద్దన్న ఆ మారీచుడే బంగారు లేడి అయ్యాడు. నిజం చెప్పినవాడికి శిక్ష పడే ప్రతి ఆఫీసులోనూ ఇదే జరుగుతుంది. ఈ లెక్క తప్పని ముందుగా చూసినవాడే నోరు మూసుకుని ఆ లెక్క మీద సంతకం పెడతాడు. అతనికి ధైర్యం లేదని నిందించే ముందు, అంతకుముందు సమావేశంలో లోపం ఎత్తిచూపినవాడికి ఏమైందో చూడాలి. మిగతావారంతా దాన్ని చూసే ఉంటారు. అధికారి "ఎవరైనా అభ్యంతరాలుంటే చెప్పండి" అని ఎన్నిసార్లు అన్నా లాభం లేదు. మొదటి అభ్యంతరం విన్నప్పుడు ఆయన ముఖం ఎలా మారిందన్నదే అక్కడి నియమం అవుతుంది.

ఇంట్లో గొడవ తర్వాత తెలుగువారు క్షమించమని అడగడం అరుదు. ఆ మాట పుస్తకాల్లోదిగా, పరాయివారితో అనేదిగా ఉంటుంది. దాని బదులు కాసేపటికి వంటింట్లోంచి "అన్నం పెట్టనా?" అని వినిపిస్తుంది. లేదా ఉదయం అరిచిన తండ్రి సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తూ "వాడు తిన్నాడా?" అని అడుగుతాడు. లోపలి గదిలో ఉన్న కొడుక్కి ఆ రెండు మాటల్లో అంతా చేరిపోతుంది. లేచి వచ్చి కంచం ముందు కూర్చుంటాడు, ఎవరూ పొద్దుటి సంగతి ఎత్తరు. ఎంతో అందమైన ఏర్పాటు ఇది. ఆ ఇంట్లో పుట్టి పెరిగినవారికి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. నిన్న కాపురానికి వచ్చిన కోడలికి మాత్రం అది బ్రాడీపేట చిరునామాలోని అడ్డగీత. మామగారు పొద్దున కోప్పడ్డారు, సాయంత్రం భోజనం గురించి అడిగారు, మధ్యలో ఏమీ అనలేదు. ఆ రాత్రి ఆమె తన గదిలో కూర్చుని, ఆయన కోపం ఇంకా పోలేదేమోనని ఆలోచిస్తూ ఉంటుంది. గిన్నెలు సర్దుకున్నాక అత్తగారు వచ్చి పక్కన కూర్చుని, "ఆయన అలా అడిగారంటే పొద్దున అన్నందుకు బాధపడుతున్నారని అర్థమమ్మా" అని చెబితే అప్పుడు ఆమెకు తెలుస్తుంది.